తాతయ్యకు చెప్పని కబురు

ఫోను మోగేసరికి సిట్లాలి ఇంకా మంచు బూట్లు కూడా విప్పలేదు.

ఇంట్లో ఎవరూ లేరు. సోమ, బుధ, శుక్రవారాల్లో ఇంతే. అమ్మ ఆస్పత్రి లాండ్రీలో పనిచేస్తుంది. చీకటి పడ్డాకే వస్తుంది. తాతయ్యేమో చర్చి కింది హాల్లో డాన్స్ క్లాసుకి వెళ్తాడు. సిట్లాలి తాళం తీసుకుని లోపలికి వచ్చి, ముందు అన్ని గదుల్లో లైట్లు వేస్తుంది. వంటింట్లో కూడా వేస్తుంది. అప్పటికీ ఇల్లు ఖాళీగానే ఉంటుంది. కిటికీ కింద హీటరు బుస్సుమంటూ ఉంటుంది. వేరే చప్పుడేదీ ఉండదు.

పోయిన ఏడాది ఇలా ఉండేది కాదు. కింది వాటాలో యరెత్సీ ఉండేది. బడి నుంచి ఇద్దరూ కలిసి వచ్చేవాళ్లు. మెట్ల మీదే కూర్చుని హోంవర్క్ చేసుకునేవాళ్లు. వేసవిలో యరెత్సీ వాళ్ల నాన్నకి టెక్సస్‌లో ఉద్యోగం వచ్చింది. మంచాలు, కుర్చీలు, పిల్లి, యరెత్సీ, అన్నీ ఒకే లారీలో వెళ్లిపోయాయి. ఇప్పుడు ఆ వాటాలో ఎవరో నైట్ డ్యూటీ చేసే అన్నదమ్ములు ఉంటున్నారు. వాళ్లు పగలంతా నిద్రపోతారు.

ఫోను ఇంకా మోగుతూనే ఉంది.

"హలో?"

"ఎవరూ, సిట్లాలేనా? నేను ఓఫేలియాని, డాన్స్ టీచర్ని. మీ తాతయ్య బయల్దేరాడా?"

"బయల్దేరాడండీ."

"అయ్యో, ఈ చలిలో అనవసరంగా వెళ్లాడే! చర్చి హాల్లో నీళ్ల పైపు పగిలింది. నేలంతా చెరువైపోయింది. బాగు చెయ్యడానికి చాలా రోజులు పడుతుందంట. ఇదిగో, జాగ్రత్తగా విను. సోమవారం నుంచి క్లాసు పార్కులో ఉన్న హాల్లో. అదే టైము. తాతయ్య రాగానే చెప్పు. చెప్తావు కదూ?"

"చెప్తానండీ."

"బంగారు తల్లివి," అని ఓఫేలియా గారు ఫోను పెట్టేసింది.

కాసేపటికి మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. తాతయ్య! టోపీ మీద మంచు, చేతిలో బేకరీ సంచీ. సిట్లాలికి ప్రాణం లేచొచ్చింది.

"హాలుకి తాళం తల్లీ," అన్నాడు తాతయ్య కోటు విప్పుతూ. "పైపు పగిలిందంట. ఊడ్చే అతను చెప్పాడు. పోనీలే అని తీపి బన్నులు కొనుక్కొచ్చాను. పాలు పెట్టు. చాక్లెట్ కాచుకుందాం. దాల్చినచెక్క వేస్తాను."

ఇద్దరూ వంటింటి బల్ల దగ్గర కూర్చున్నారు. తాతయ్య బన్నుని చాక్లెట్‌లో ముంచుకుని తిన్నాడు. మీసానికి నురగ అంటుకుంది. సిట్లాలి నవ్వింది. ఆ ఇంట్లో బుధవారం సాయంత్రం ఎవరైనా నవ్వడం ఎన్ని నెలల తర్వాతో!

"ఎవరైనా ఫోను చేశారా?" అని అడిగాడు తాతయ్య.

సిట్లాలి నోట్లో బన్ను ముక్క ఉంది. దాన్ని నెమ్మదిగా నమిలింది.

"లేదు తాతయ్యా," అంది.

ఆదివారం లోపు చెప్పేద్దాం అనుకుంది. ఆదివారం వచ్చింది, వెళ్లింది.

సోమవారం బడి నుంచి వచ్చి తాళంచెవి తియ్యబోతుంటే, లోపలి నుంచే తలుపు తెరుచుకుంది. తాతయ్య నిలబడి ఉన్నాడు. వంటింట్లోంచి బీన్స్ గింజలు ఉడుకుతున్న వాసన. రేడియోలో పాట.

"వచ్చావా మహారాణీ! చేతులు కడుక్కో. ఇవాళ నిన్ను లొతేరియాలో చిత్తుచిత్తుగా ఓడిస్తాను."

లొతేరియా అంటే బొమ్మల చీట్ల ఆట. ఒకరు చీటీ తీసి పొడుపుకథలా పాడతారు. ఆ బొమ్మ ఎవరి అట్ట మీద ఉంటే వాళ్లు దాని మీద ఒక బీన్ గింజ పెట్టుకుంటారు. చీటీలు పాడటంలో తాతయ్యని మించినవాళ్లు లేరు.

"తెల్లారకముందే ఊరందర్నీ తిట్టి లేపే పొగరుబోతు ఎవరు?"

"కోడిపుంజు!"

"వాన పడితే నెత్తికెక్కుతుంది, ఎండ కాస్తే మూలన కూర్చుంటుంది. మీ అమ్మ బస్సులో మర్చిపోయి వస్తుంది."

"గొడుగు! గొడుగు!"

ఆ రోజు ఖాళీ గదుల్లో లైట్లు వెయ్యాల్సిన పని పడలేదు. ఇంకొక్క వారం, అనుకుంది సిట్లాలి. ఒక్క వారం తర్వాత చెప్పేస్తాను.

ఆ వారం అయ్యాక మళ్లీ ఫోను వచ్చింది. తాతయ్య స్నానం చేస్తున్నాడు.

"ఏమే అమ్మాయ్, మీ తాతయ్య ఏడీ?" అంది ఓఫేలియా గారు. "పార్కు హాలుకి ఒక్కరోజన్నా రాలేదు. చెప్పావా?"

సిట్లాలికి చెవులు వేడెక్కాయి. చెప్పలేదంటే తిడతారు. చెప్పానంటే ఎందుకు రాలేదని అడుగుతారు.

"తాతయ్యకి మోకాలు నొప్పండీ," అంది. "చలికాలం అయ్యేదాకా రాడంట."



"అలాగా... అయ్యో పాపం. సరేనమ్మా. మేమంతా అడిగామని చెప్పు."

ఆ తర్వాత ఫోను రాలేదు.

జనవరిలో షికాగోలో బయట అడుగు పెడితే ముక్కు ఊడిపోయేంత చలి. తాతయ్య ఇంట్లోనే ఉండసాగాడు. మొదట్లో వంటింటి బల్ల మీద వేళ్లతో తాళం వేస్తూ ఉండేవాడు. ఆయన నేర్చుకున్న డాన్స్ పేరు దన్సోన్. వాళ్ల ఊరు వెరాక్రూస్‌లో ముసలివాళ్లు సాయంత్రాలు వీధి కూడలిలో ఆడేది అదే. చాలా నెమ్మదిగా ఉంటుంది. పాట మధ్యలో ఒకచోట జంటలన్నీ ఆగి నిలబడతాయి. ఆడవాళ్లు విసనకర్రలు విసురుకుంటారు. మళ్లీ ఏ తాళం దెబ్బ దగ్గర మొదలుపెట్టాలో ఎవరూ చెప్పరు. అది మనసులోనే లెక్కపెట్టుకోవాలి. "కాళ్లతో చేసే లెక్కలు ఇవి," అనేవాడు తాతయ్య. అమ్మమ్మ బతికున్నప్పుడు ఇద్దరూ కలిసి వెళ్లేవాళ్లు. అమ్మమ్మ పోయాక కూడా తాతయ్య క్లాసు మానలేదు.

ఇప్పుడు ఆ వేళ్లు ఆగిపోయాయి. మంచం కింద ఉన్న డాన్స్ బూట్లకి ప్రతి ఆదివారం పాలిష్ పెట్టేవాడు. అదీ మానేశాడు. సిట్లాలి బడి నుంచి వచ్చేసరికి సోఫాలో టీవీ ముందు కూర్చుని ఉంటున్నాడు. పొద్దున వెళ్లేటప్పుడూ అక్కడే. దుప్పటి కూడా అదే.

"తాతయ్యా, లొతేరియా ఆడదామా?"

"ఊ... కాసేపాగు."

ఆ కాసేపు అయ్యేది కాదు.

ఒకరోజు బతిమాలి కూర్చోబెట్టింది. తాతయ్య ఒక చీటీ తీశాడు. దాని వైపు చూశాడు. చూస్తూనే ఉన్నాడు.

"అదే... పైన ఉంటుంది. తెల్లగా. అదేంటే అది... రాత్రిపూట..."

సిట్లాలి అది పొడుపుకథ అనుకుంది. "చందమామ!" అని అరిచి గింజ పెట్టేసుకుంది. "ఇంత సులువుదా తాతయ్యా!"

తాతయ్య నవ్వలేదు. చీటీని చేతిలో తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"చందమామ," అన్నాడు నెమ్మదిగా, కొత్త మాట నేర్చుకుంటున్నట్టు. మిగిలిన చీటీలు డబ్బాలో పెట్టేశాడు.

ఇంకోరోజు బీన్స్ గిన్నె పొయ్యి మీద నల్లగా మాడిపోయింది. ఇల్లంతా పొగ. తాతయ్య పక్క గదిలోనే ఉన్నాడు. పొయ్యి వెలిగించిన సంగతే గుర్తులేదు. మరో రోజు సిట్లాలిని "నోర్మా" అని పిలిచాడు. అది అమ్మ పేరు. అలా రెండు మూడు సార్లు పిలిచాడు. "నోర్మా, బడికి టైమవుతోంది, మీ అమ్మ ఏదీ?" అన్నాడు.

 అమ్మమ్మ ఏదని తాతయ్యే అడిగితే ఎవరు మాత్రం ఏం చెప్తారు?

ఇప్పుడు ఇంట్లో ఇద్దరుంటున్నారు. తలుపు తియ్యగానే టీవీ వినపడుతోంది. అయినా సిట్లాలి మళ్లీ అన్ని గదుల్లో లైట్లు వెయ్యడం మొదలుపెట్టింది.

అమ్మ ఒక రోజు సెలవు పెట్టి తాతయ్యని క్లినిక్‌కి తీసుకెళ్లింది. బడి లేని రోజు కావడంతో సిట్లాలి కూడా వెళ్లింది. డాక్టరమ్మ చిన్నావిడ. చెవులకి పచ్చ పోగులు పెట్టుకుంది. స్పానిష్‌లోనే మాట్లాడింది. మూడు మాటలు చెప్పి గుర్తుపెట్టుకోమంది. కాసేపు అవీ ఇవీ మాట్లాడి, "ఇందాకటి మాటలు చెప్పండి రొసెండో గారూ," అంది.

"అరటిపండు, కుర్చీ..." తాతయ్య పైకప్పు వైపు చూశాడు. తర్వాత నవ్వాడు. "మూడోది మీరే దాచేసుకున్నారు డాక్టరమ్మా. ముసలాడి దగ్గర అలా కాజెయ్యకూడదు."

డాక్టరమ్మ కూడా నవ్వింది. అమ్మ మాత్రం నవ్వలేదు. పర్సు పట్టీని వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

"ఈ మధ్య ఇంట్లో ఏమైనా మారిందా?" అని అడిగింది డాక్టరమ్మ.

"ఏమీ లేదండీ," అంది అమ్మ. "ఆ, ఒకటి. వారానికి మూడు రోజులు డాన్స్‌కి వెళ్లేవాడు. అది ఆగిపోయింది. అప్పట్నుంచీ కదలడం లేదు."

డాక్టరమ్మ రాస్తున్నదల్లా ఆగింది.

"డాన్స్ మానడం వల్లే మతిమరుపు వచ్చిందని నేను చెప్పలేను," అంది. "వయసుంది, బీపీ ఉంది. రక్తపరీక్ష చూడాలి. కానీ ఒళ్లు కదిలితే మెదడుకీ మంచిదే. డాన్స్ అయితే ఇంకా నయం. అడుగులు గుర్తుపెట్టుకోవాలి, పాట వినాలి, నలుగురితో మాట్లాడాలి. ఇవన్నీ ఒక్కసారే పోయాయి ఈయనకి. మళ్లీ మొదలుపెట్టే దారేదైనా ఉందా?"

"హాలు పాడైపోయిందండీ," అన్నాడు తాతయ్య.

సిట్లాలి మూలన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. గోడ మీద పళ్ల బొమ్మల పోస్టర్ ఉంది. దాన్నే కళ్లార్పకుండా చూసింది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అమ్మ అంది, "ఓఫేలియా గారికి నేను ఫోను చేస్తాను నాన్నా. వేరే చోటేమైనా చూశారేమో."

"వద్దు," అన్నాడు తాతయ్య. గొంతు గట్టిగా వచ్చింది. "నేను అక్కర్లేని వాళ్ల వెంటపడి అడగొద్దు. కావాలనుకుంటే ఇన్నాళ్లకి ఒక్క ఫోనన్నా చేసేవాళ్లు కాదూ?"

అమ్మ కిటికీ వైపు తిరిగింది. సిట్లాలికి మాట గొంతుదాకా వచ్చింది. బస్సు ఆగింది, జనం ఎక్కారు, ఒక పెద్దాయన సంచులతో మధ్యలో నిలబడ్డాడు. మాట మళ్లీ లోపలికి వెళ్లిపోయింది.

ఆ శుక్రవారం సిట్లాలి ఇంటికి వచ్చేసరికి తలుపు తాళం వేసి ఉంది.

టీవీ చప్పుడు లేదు. సోఫా మీద దుప్పటి కింద పడి ఉంది.

"తాతయ్యా!"

స్నానాల గదిలో లేడు. కోటు లేదు. టోపీ లేదు. మంచం కింద డాన్స్ బూట్ల పెట్టె మూత తీసి ఉంది. లోపల బూట్లు లేవు.

సిట్లాలికి అర్థమైంది. స్కూలు బ్యాగు అక్కడే పడేసి మెట్లు దిగి పరుగెత్తింది. బేకరీ దాటింది. టైర్ల షాపు దాటింది. చలిగాలికి కళ్లలోంచి నీళ్లు కారాయి. గాలి ఒక్కదానివల్లే కాదు.

చర్చి పక్క సందులో, కింది హాలుకి దిగే మెట్ల దగ్గర తాతయ్య నిలబడి ఉన్నాడు. కోటు గుండీలు పెట్టుకోలేదు. లోపల ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా. కాళ్లకి ఆ పల్చని డాన్స్ బూట్లు, మంచులో తడిసిపోయి. తలుపుకి పెద్ద తాళం వేలాడుతోంది. ఆయన దాన్ని చూస్తూ ఎంతసేపట్నుంచి నిలబడ్డాడో!

"తాతయ్యా!"

తాతయ్య తిరిగి చూశాడు. సిట్లాలిని గుర్తుపట్టి నవ్వాడు.

"నువ్వూ వచ్చావా? నేను మరీ ముందొచ్చేసినట్టున్నాను. ఇంకా ఎవరూ రాలేదు." మళ్లీ తాళం వైపు చూశాడు. "ఇవాళ శుక్రవారమే కదా? ఎవరూ రాలేదేంటే?"

సిట్లాలి ఆయన చెయ్యి పట్టుకుంది. చెయ్యి మంచుగడ్డలా ఉంది.

"ఇక్కడికి ఎవరూ రారు తాతయ్యా. క్లాసు పార్కు హాల్లో జరుగుతోంది."

"ఎవరు చెప్పారు?"

"ఓఫేలియా గారు. ఫోను చేసింది. పైపు పగిలిన రోజే చేసింది. నేనే నీకు చెప్పలేదు. తర్వాత మళ్లీ చేసింది. నీకు మోకాలు నొప్పని అబద్ధం చెప్పాను."

తాతయ్య మొహంలో నవ్వు కొంచెం కొంచెంగా పోయింది. వీధిలో ఒక ట్రక్కు మంచు తోసుకుంటూ పోయింది. 

"ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు వెళ్తే ఇంట్లో ఎవరూ ఉండరు." సిట్లాలి వెక్కుతోంది. "యరెత్సీ కూడా లేదు. నేనొక్కదాన్నే."

తాతయ్య తల ఊపాడు. అర్థమైందన్నట్టా, కాదన్నట్టా, సిట్లాలికి తెలియలేదు.

"నేనేమనుకున్నానో తెలుసా?" అన్నాడు చివరికి. "జోడీ లేని ముసలాడు. ప్రతిసారీ ఇంకొకరి జంటలో దూరాలి. అందుకని విసుగొచ్చి వదిలించుకున్నారు అనుకున్నాను. ఆ సోఫాలో కూర్చుని రోజూ అదే అనుకున్నాను."

సిట్లాలి ఏడుపు ఆగిపోయింది. బడిలో లంచ్ టైములో బల్ల చివర తను ఒక్కతే కూర్చునేది. పక్కనున్న అమ్మాయిలు నవ్వుకుంటుంటే, నేనంటే వాళ్లకి ఇష్టంలేదేమో అనుకునేది. తాతయ్య కూడా అచ్చం అదే అనుకున్నాడు. అది తాతయ్యకి తెచ్చిపెట్టింది తనే.

ఇద్దరూ ఇంటికి బయల్దేరారు. మామూలుగా తాతయ్య చెయ్యి పట్టుకుని నడుస్తాడు. ఇవాళ చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. సిట్లాలి పక్కనే, కొంచెం వెనగ్గా నడిచింది. రోడ్డు దాటేచోట నేలంతా మంచు పేరుకుని గాజులా ఉంది. అక్కడ మాత్రం తాతయ్య ఒక చెయ్యి బయటికి తీసి ఆమె కోటు చెయ్యి పట్టుకున్నాడు. అటువైపు చేరాక వదిలేశాడు.

అమ్మ వచ్చాక సిట్లాలి తనే చెప్పింది. మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. అమ్మ కోటైనా విప్పకుండా కుర్చీలో కూర్చుండిపోయింది.

"నీకింత దిగులుగా ఉందని నాకెందుకు చెప్పలేదే?" అంది.

"నువ్వు అలిసిపోయి వస్తావు కదమ్మా."

అమ్మ కళ్లు తుడుచుకుంది. తర్వాత ఫోను తీసి సిట్లాలి ముందు పెట్టింది.

"ఓఫేలియా గారికి నువ్వే చెప్పాలి. నేను పక్కనే ఉంటాను."

సిట్లాలి చెప్పింది. అటువైపు నుంచి వచ్చిన కేకకి ఫోను చెవికి దూరంగా పట్టుకోవాల్సి వచ్చింది.

"ఏంటీ, మోకాలు నొప్పి లేదా? ఓసి పిల్లా! ఆ మోకాలి పేరు మీద చర్చిలో కొవ్వొత్తి వెలిగించానే నేను! మాతకి మొక్కుకున్నాను! బాగున్న మోకాలికి మొక్కుకున్నందుకు మాత ఏమనుకుంటుందే?"

"క్షమించండి ఓఫేలియా గారూ."

అటువైపు పెద్ద నిట్టూర్పు.

"నిన్ను తర్వాత చూసుకుంటాను. ముందు ఆ పెద్దమనిషిని సోమవారం తీసుకురా. ఆయన లేక మాకు సరదాయే లేదని చెప్పు. ఈసారైనా చెప్పు!"

సిట్లాలి చెప్పింది. తాతయ్య విన్నాడు. కానీ వెళ్లనన్నాడు.

"అడుగులు పోయాయి తల్లీ," అన్నాడు సోఫాలోంచే. "మధ్యలో ఆగి మళ్లీ మొదలుపెట్టేచోట నేను తప్పు వేస్తే అందరూ చూస్తారు. నా వల్ల కాదు."

నిజం చెప్పేస్తే అంతా సర్దుకుంటుందనుకుంది సిట్లాలి. సర్దుకోలేదు.

శనివారం మధ్యాహ్నం ఆమె వంటింటి బల్లని గోడవైపు నెట్టింది. కుర్చీలు ఒకదాని మీద ఒకటి పెట్టింది. రేడియో పక్కనున్న పాత క్యాసెట్ వేసింది. క్లారినెట్ మొదలైంది.

"తాతయ్యా, నాకు నేర్పు."

"ఇప్పుడు కాదు."

"సరే, నేనే ఆడుకుంటా," అని సిట్లాలి చేతులూపుతూ గంతులేసింది. కింది వాటా అన్నదమ్ములు లేస్తారేమోనన్నంత చప్పుడు చేసింది.

తాతయ్య కాసేపు చూశాడు. ఓపిక నశించింది.

"అది దన్సోన్ కాదు, బొద్దింకల్ని తొక్కడం! పాదం ఎత్తకు. నేలని రాయాలి. ఇలా కాదు... జరుగు." లేచాడు. మోకాళ్లు టక్కుమన్నాయి. సోఫా వీపు పట్టుకుని ఒక్క క్షణం నిలబడ్డాడు. వచ్చి సిట్లాలి చెయ్యి పైకెత్తి పట్టుకున్నాడు. "నడుం నిటారుగా. నా మొహం చూడు, కాళ్లు కాదు."

ఒక అడుగు పక్కకి. ఒకటి ముందుకి. సిట్లాలి ఆయన కాలు తొక్కేసింది.

"ఏనుగు పిల్లా!"

"నువ్వే అడ్డొచ్చావు!"

పాట మధ్యలో ఇద్దరూ ఆగి నిలబడ్డారు. తాతయ్య పెదాలు కదుపుతున్నాడు. లెక్కపెడుతున్నాడు. మొదలుపెట్టాల్సిన దెబ్బ దాటిపోయింది, ఆయన ఇంకా లెక్కపెడుతూనే ఉన్నాడు. నుదుటి మీద చెమట. వెళ్లి సోఫాలో కూర్చుండిపోయాడు.

సిట్లాలి క్యాసెట్ వెనక్కి తిప్పింది. ఆయన పక్కన కూర్చుని ఎదురుచూసింది. కాసేపటికి తాతయ్యే, "ఇంకోసారి వెయ్యి," అన్నాడు.

ఆదివారం కూడా వేశారు. అమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. కొన్నిసార్లు తాతయ్యకి దెబ్బ దొరికింది, కొన్నిసార్లు తప్పిపోయింది. దొరికినప్పుడు చిటికె వేసేవాడు.

సోమవారం సిట్లాలి ఆయన్ని పార్కు హాలుకి తీసుకెళ్లింది. తలుపు దగ్గర తాతయ్య ఆగిపోయాడు. లోపలి నుంచి ఓఫేలియా గారు చూసి విసనకర్రతో సహా పరుగెత్తుకొచ్చింది.

"రావయ్యా మోకాలు! ఈ గుమ్మానికి దిష్టి తీస్తున్నావా, లోపలికి వస్తావా?"

లోపలున్న ముసలివాళ్లంతా ఫక్కున నవ్వారు. ఎవరో కోటు తీసుకున్నారు. ఎవరో భుజం తట్టారు. బూడిదరంగు చొక్కా పెద్దాయనొకడు, "నీ జాగాలో ఎవర్నీ నిలబడనివ్వలేదు," అన్నాడు. తాతయ్య ఆయన చెయ్యి పట్టుకుని ఊపాడు.

"నువ్వూ కూర్చోవే," అంది ఓఫేలియా గారు సిట్లాలితో. "కేకు ఉంది. అయిపోయాక ఇద్దరూ కలిసి వెళ్లండి."

సిట్లాలి గోడ పక్కన బెంచీ మీద కూర్చుంది. అక్కడ వెచ్చగా ఉంది. పాట ఉంది. మనుషులున్నారు. ఇంట్లో హీటరు బుస తప్ప ఏమీ లేదు.

క్లాసు మొదలైంది. తాతయ్య ఓఫేలియా గారితో అడుగు వేశాడు. రెండడుగులు వేసి సిట్లాలి వైపు చూశాడు. తిరిగాడు, మళ్లీ చూశాడు. పిల్ల చలికి వణుకుతోందా, దానికి తోచడం లేదా, కేకు తిన్నదా అని. చూస్తూ చూస్తూ దెబ్బ తప్పాడు. ఇద్దరూ ఆగిపోయారు.

"కళ్లిక్కడ రొసెండో, కళ్లిక్కడ!" అంది ఓఫేలియా గారు.

సిట్లాలి లేచింది. కోటు గుండీలు పెట్టుకుంది.

"తాతయ్యా, నాకు హోంవర్క్ ఉంది. నేను వెళ్తాను."

"ఒక్కదానివా? ఇంట్లో ఎవరూ లేరే."

"పర్లేదు. తాళంచెవి ఉంది."

తాతయ్య ఆమె మొహంలోకి చూశాడు. ఇంకేదో అడగబోయాడు. సిట్లాలి అప్పటికే తలుపు తోసింది.

ఇంటికి వచ్చి లైట్లు వేసింది. ఇల్లు ఎప్పటిలాగే ఖాళీగా ఉంది. భిన్నాల లెక్కలు కొన్ని చేసింది. పెన్సిల్ చెక్కుకుంది. బయట నీలం రంగు చీకటి దిగింది. వీధి దీపాలు వెలిగాయి. క్లాసు అయిపోయే టైము దాటింది. తాతయ్య రాలేదు. ఇంకాసేపు చూసింది. అప్పటికీ రాలేదు.

సిట్లాలి కిటికీ దగ్గరికి వెళ్లింది.

కింద, మలుపులో దీపం కింద, నలుగురు ముసలివాళ్లు నిలబడి ఉన్నారు. నోళ్లలోంచి పొగలు. మధ్యలో తాతయ్య. చేతులు ఊపుతూ ఏదో వాదిస్తున్నాడు. ఓఫేలియా గారు విసనకర్రతో ఆయన భుజం మీద కొట్టింది. తాతయ్య అక్కడే, మంచులోనే, ఒక అడుగు వేసి చూపించాడు. బూడిదరంగు చొక్కా పెద్దాయన కాదు కాదని తల ఊపి, ఇంకోలా వేసి చూపించాడు.

గాజు మీద ఒక్కసారి తడితే చాలు. తాతయ్య తల ఎత్తి చూస్తాడు, వెంటనే పైకి వచ్చేస్తాడు.

సిట్లాలి చెయ్యి ఎత్తింది. వేళ్లు గాజుకి తగిలేంత దగ్గరగా వచ్చాయి. గాజు చల్లగా ఉంది.

చెయ్యి దించేసింది. కుర్చీలోకి వెళ్లి, మిగిలిన లెక్క మొదలుపెట్టింది. కింద నుంచి తాతయ్య నవ్వు పైదాకా వినపడుతూనే ఉంది.